ఎర్ర కార్డు

ఇంట్లో కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని గణపతిరావు దానికి షట్‌డౌన్ ప్రకటించాడు. స్టీల్ ప్లాంటు మెయింటెనెన్సులో ముప్పై ఆరేళ్లు చేసి రిటైరైన మనిషి. వరండా కరెంటు బోర్డులో కంప్యూటర్ లైను ఆపేసి, "పని జరుగుతోంది, ముట్టుకోరాదు" అని రాసిన ఎర్ర కార్డు స్విచ్చుకు వేలాడదీశాడు.

"నా సర్వీసులో పనికొచ్చే మెషినొక్కటి తుక్కులో పారీనేదు," అని భార్య నూకాలమ్మకు మరోసారి చెప్పి, డబ్బా విప్పి దుమ్ము దులిపాడు.

తిరిగి బిగించాక అది అసలు వెలగనే లేదు.

మర్నాడు నూకాలమ్మ అడిగింది. "వరండాలో ఆ కార్డు తీసీమంటారేటండి?"

"సేఫ్టీ తెల్దేటి నీకు? కార్డు కట్టినోడే తియ్యాల. నువ్వు ముట్టుకోకు!"

ఆమె ముట్టుకోలేదు. ఆయన పవర్ సప్లై మార్చాడు, ర్యామ్ మార్చాడు, ఫ్యాన్ మార్చాడు. పదకొండో రోజున "ఇది కండెమ్, ఇంక పనికిరాదు" అని తీర్పు చెప్పి, పాత సామాన్లు కొనే కబాడీవాడి బండి ఎక్కించేశాడు. వారం తిరక్కుండా దుర్గ్ బజారుకు వెళ్లి కొత్తది తెచ్చాడు.

కొబ్బరికాయ కొట్టి బటన్ నొక్కాడు. వెలగలేదు.

"అంతా దగా! కొత్తదని సెప్పి సచ్చినదాన్ని అంటగట్టీసినాడు!"

నూకాలమ్మ కొబ్బరి చిప్పలు ఏరుకుంటూ అంది. "మన పాతది ఆ కబాడీ ఆయనింట్లో బెమ్మాండంగా ఆడతందంట. ఇప్పుడైనా ఆ కార్డు తీస్తారేటండి? నన్ను ముట్టుకోవద్దన్నారు కదా."