నేనన్నది అది కాదు

"మీరన్నది ఇదేనాండీ?" అని అడిగాడు గళ్ళచొక్కా ఆయన.

లైబ్రరీ హాలంతా ఫ్రేములాయన వైపు తిరిగింది.

ఆ హాల్లో ప్రతి ఆదివారం చర్చ జరుగుతుంది. పన్నులు, ఊరి అభివృద్ధి, దేవుడున్నాడా లేడా, ఏదైనా సరే. నియమం ఒక్కటే. ఎదుటివాడి మాట కాదనాలంటే, ముందు ఆ మాటను అతని తరఫున తనే చెప్పాలి. 'అవును, నేనన్నది ఇదే' అని అతను ఒప్పుకుంటేనే తన వాదన మొదలుపెట్టాలి. లేదంటే నోరు మూసుకుని కూర్చోవాలి.

ఫోటోలకు ఫ్రేములు కట్టే ఫ్రేములాయన అక్కడ మహావక్త. కనీసం ఆయన లెక్కలో.

కొట్టు ముందు వెడల్పు కొలిచి పన్ను వేస్తారని తెలిసినప్పటి నుంచీ వారం వారం గొంతు చించుకుంటున్నాడు. అద్దాలు నిలబెట్టుకోవాలి కాబట్టి ఆయన కొట్టు వెడల్పు. రాబడి మాత్రం అంతంత మాత్రం. ఆ పన్ను వస్తే కొట్టు మూసుకోవడమే.

గళ్ళచొక్కా ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. ఈమధ్యే వచ్చి చేరాడు. పన్నులు కట్టాల్సిందేనంటాడు, కట్టకపోతే వీధిదీపం ఎవరు వెలిగిస్తారంటాడు. అలాంటివాడు లేచి, ఫ్రేములాయన తరఫున ఇలా చెప్పాడు:

"లావుగా ఉన్నవాళ్ళందరూ ఎక్కువ తింటారా? తినరు కదా. కొట్టూ అంతే. వెడల్పుగా ఉన్నంత మాత్రాన ఎక్కువ సంపాదిస్తున్నట్టు కాదు. వీధి చివరి మేడ చూడండి. ముందు సందంత, పైన అంతస్తుల మీద అంతస్తులు. కొలవాల్సింది గుమ్మాన్ని కాదు, గల్లాపెట్టెని."

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఫ్రేములాయన ఏమన్నా కాదనే మందుల షాపతను కూడా కొట్టాడు.

"అబ్బ, ఇన్నాళ్ళకి అర్థమైంది" అంది ఫ్రేములాయన భార్య.

అదిగో, అక్కడే ఆయనకు మండింది.

"కాదు" అన్నాడు. "నేనన్నది అది కాదు."

"కాదంటే కాదే. కూర్చోండి సార్" అంది లైబ్రరీ మేడం, గళ్ళచొక్కా ఆయనతో.

ఇంటికి నడుస్తుంటే భార్య అడిగింది.

"అవునంటే మీ సొమ్మేం పోయేది?"

"నా మాటకి వాడికి చప్పట్లా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు."

"మీ మాటకే కదండీ కొట్టింది."

"నేను చెప్పినప్పుడు ఒక్కరైనా కొట్టారా? నువ్వు కొట్టావా?"

"మీరు చెప్పేటప్పుడు నా చేతులు చెవుల మీద ఉంటాయి."

మర్నాడు కొట్లో ఎవరూ లేకుండా చూసి, అద్దం ముందు నిలబడ్డాడు. "లావుగా ఉన్నవాళ్ళందరూ..." అని తనే చెప్పి చూసుకున్నాడు. వాడు చెప్పినంత బాగా రాలేదు. ఇంకా మండింది.

మళ్ళీ ఆదివారం గళ్ళచొక్కా ఆయన లేచాడు. ఈసారి ఇంకా బాగా చెప్పాడు.

"కాదు" అన్నాడు ఫ్రేములాయన, పూర్తిగా వినకుండానే.

చర్చ అయ్యాక గళ్ళచొక్కా ఆయన ఫ్రేములాయన దగ్గరికొచ్చాడు.

"పోనీ ఎక్కడ తప్పిందో చెప్పండి, దిద్దుకుంటాను. ఈ మాట నాకు చాలా అవసరం."

"పన్ను కట్టాలనేవాడివి, నా బాధ నీకెందుకయ్యా?"

"పన్ను ఉండాలి. అది న్యాయంగానూ ఉండాలి కదండీ. మీరొక్కసారి అవునంటే చాలు."

"చచ్చినా అనను."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ హాలు మెట్లెక్కలేదు.

ఫ్రేములాయనకు పీడ విరగడైనట్టనిపించింది. ఆ ఆదివారం తనివితీరా మాట్లాడాడు. సగం మంది కునికిపాట్లు పడ్డా పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి పురపాలక ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి టేపు పట్టుకుని కొట్టు ముందుకొచ్చాడు.

"వెడల్పు లెక్కే ఖాయమైందండీ. ఈ చివర కాస్త పట్టుకోండి."

"మా గోడు మీలో ఒక్కడికీ పట్టలేదా?" అన్నాడు ఫ్రేములాయన.

"ఎందుకు పట్టలేదు? ఈ పన్ను రాసిన మా పెద్దసారే, రాశాక మనసు మార్చుకున్నారు. వెడల్పు లెక్క తీసేద్దామని పోట్లాడారు. 'అది నీ ఊహ, కొట్లవాళ్ళెవరైనా ఆ మాటన్నారా' అన్నారు కమిటీలో మిగతావాళ్ళు. సరే, కనుక్కొస్తానన్నారు."

"మమ్మల్నెవరూ అడగలేదే."

"హోదా చెబితే జనం భయపడి దేనికైనా ఊఁ కొడతారని, చెప్పకుండా వెళ్ళారటండీ."

లోపల అద్దం తుడుస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

"ఆయన ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగింది.

"మొన్ననే రిటైరై ఊరు వదిలి వెళ్ళిపోయారమ్మా."

ఫ్రేములాయన టేపు చివర అలాగే పట్టుకుని ఉన్నాడు.

"అబద్ధం చేతకాని మనిషండీ" అన్నాడు ఉద్యోగి, వెడల్పు రాసుకుంటూ. "'వాళ్ళ బాధ ఇదేననుకున్నాను, కానీ లైబ్రరీలో ఒక కొట్టాయన రెండుసార్లు కాదన్నాడు' అని కమిటీ ముందు ఒప్పేసుకుని కూర్చున్నారు."