చాలన్న జెండా

బడిని ఎత్తుకుపోయిన వరద వచ్చిన మరుసటేడు, ఏటి మధ్య లంకలో పోలరాజు నారుమడి మునగసాగింది. మడిలోని యంత్రం నీళ్ళు ఇక చాలంటూ జెండా ఎత్తుతోంది. అది చూసి తూము యంత్రం తలుపు ఇంకా తెరుస్తోంది. చాలంటే తెరవడమేమిటో పోలరాజుకి బోధపడలేదు.

ఈ యంత్రాల్ని నడిపే సర్వర్ బాగుచేసే సత్యవేణికి ఫోన్ చేశాడు.

"మడి లెక్కలో జెండా అంటే చాలనండి, తూము లెక్కలో కావాలనండి. యంత్రాలు చేసినోళ్ళు ఎవరికి వాళ్ళు రాసేశారు. ఒకటి మారిస్తే పక్క లంకల తూములు తిరగబడతాయి. రెండ్రోజులాగండి బాబాయ్."

"నారు ఆగుద్దేటమ్మా?"

అన్నం వడ్డిస్తున్న భార్య మంగాయమ్మ నవ్వింది. "ఇందులో వింతేవుందండీ? మీరు చాలంటే నేనింకో గరిటె వెయ్యట్లేదా?"

పోలరాజు కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే పాత తలుపుచెక్క మోసుకెళ్ళి, తూము నోటికి అడ్డంగా పాతి, సందుల్లో మట్టి కుక్కాడు.