అట్ట చాటు మాట

పిల్ల మళ్ళీ చెవి వెనక వినికిడి మిషన్ తడుముకుంది.

“చెయ్యి తియ్యి,” అని విసుక్కుంటూ దాని చెయ్యి లాగేశాడు తండ్రి. “గెలికి గెలికి ఇవాళే ఊడగొట్టుకో!”

అతనికి కూర్చుంటే కుర్చీలో ముళ్ళున్నట్టుంది. పొద్దున్నే మరమగ్గాల షెడ్డుకి వెళ్ళి సెలవడిగాడు. మేస్త్రీ తిట్టిన తిట్లు చెవికి వినపడలేదు, పెదాల మీద కనపడ్డాయి. ఇరవై ఏళ్ళుగా ఆ హోరులో అందరి మాటలూ అంతే. అక్కణ్ణుంచి ఇంటికొచ్చి, పిల్లని రెక్క పట్టుకుని ఈ చెవిటి పిల్లల బడికి పరుగున తెచ్చాడు.

చెవికి ఆపరేషనై నాలుగేళ్ళు. పిల్లకి ఏడు నిండాయి. ఇవాళ పదింట్లో ఎనిమిది సరిగ్గా తీస్తే మామూలు బడిలో సీటు. లేకపోతే ఇంకో ఏడాది ఇదే గది, ఇవే బొమ్మలు.

టీచరమ్మ బల్ల మీద కాగితం ముక్కలు పరిచింది. ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. తను చెప్పింది విని, ఆ వాక్యమున్న ముక్కని చదివి తీయాలి. పిల్ల తన పెదాలు చూడకుండా నోటికి అట్ట అడ్డం పెట్టుకుంది.

“నాన్నగారూ, మీరు నా వెనక్కి వెళ్ళండి. ఏమీ అందించకూడదు.”

“నాలుగో తరగతిలో మానేసిన మొహాన్ని, నేనేం అందిస్తానమ్మా?”

వెళ్ళి గోడకి ఆనుకున్నాడు.

“పిల్లి పాలు ఒలికించింది,” అంది టీచరమ్మ.

పిల్లి పాలు ఒలికించింది, పిల్లి పాలు ఒలికించింది. చప్పుడు లేకుండా పెదాలతోనే జపంలా అనుకున్నాడతను.

పిల్ల తలెత్తి నాన్నని చూసింది. ముక్కలు వెతికి ఒకటి తీసింది.

సరైనదే!

రెండోదీ అంతే. అయిదోదీ అంతే. ప్రతిసారీ అతను జపం చేశాడు. ప్రతిసారీ పిల్ల ధైర్యం కోసం కాబోలు అతని వంక చూసింది. పదికి పది!

“అట్ట చాటున ఇంత బాగా విన్న పిల్లని నేనింతవరకు చూళ్ళేదండీ,” అంటూ టీచరమ్మ సంతకం పెట్టేసింది.

“హమ్మయ్య! ఇక మా ఆవిడ నన్ను గుమ్మంలోకి రానిస్తుంది,” అని నవ్వాడు. కళ్ళు తడిశాయి.

అతను కాగితం మడిచి సంచిలో పెట్టుకునేలోపే పిల్ల మెట్లు దిగిపోతోంది.

“పిచ్చికా, ఆగవే!”

మూడుసార్లు పిలిచినా పిల్ల వెనక్కి తిరగలేదు, రుమాలు కోసం జేబులో పెట్టిన అతని చేతికి మాత్రం పొద్దున ఆ మిషన్‌లో వేయాల్సిన బ్యాటరీ తగిలింది.