మెట్టు మీద పెద్దాయన

"కూర్చోడానికి నా షాపు మెట్టే దొరికిందా తాతా?"

వారం రోజులుగా కుట్టుషాపావిడ అడుగుతున్న ప్రశ్నే అది. పగలూ రాత్రీ అక్కడే ఉంటున్న పెద్దాయన నవ్వాడు.

"నీకు ఇల్లూ వాకిలీ లేవా?"

"ఉందమ్మా. అక్కడ నిద్ర పట్టడం లేదు."

ఎదురు వరస ఇళ్లను రోడ్డు వెడల్పు పేరుతో అప్పటికే కూల్చేశారు. మిగిలిన ఒక గోడకు ఎవరిదో వంటింటి అలమర ఇంకా అతుక్కునే ఉంది. గాలి వీస్తే దాని తలుపు కొట్టుకునేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా లోపల ఎవరో వంట చేసుకుంటున్నట్టే ఉండేది. తర్వాత తమ వరసేనని ఆవిడకు భయం వేసేది. ముందు షాపు, వెనక వంటగది, ఆవిడకున్నదంతా ఆ రెండు గదులే.

బుల్డోజరు మాత్రం వారం నుంచీ వీధి మలుపులో కదలకుండా నిలబడి ఉంది.

"చూశావా అక్కా నా పలుకుబడి! పైవాళ్లతో ఒక్క మాటన్నానంతే, ఆగిపోయింది," అన్నాడు వీధి సంఘం ప్రెసిడెంటు మీసం దువ్వుకుంటూ. "రేపు ఆఫీసర్లొస్తున్నారు. వీధి అద్దంలా ఉండాలి. ఇలాంటివాళ్లు గుమ్మాల్లో కనిపిస్తే మురికివాడ అనేస్తారు. ముందు ఈయన్ని సాగనంపు."

మర్నాడు పొద్దున్నే ఆవిడ బకెట్టుతో వచ్చింది.

"లే తాతా, మెట్టు కడగాలి."

"నేను లేస్తే మీకే మంచిది కాదమ్మా."

"పొద్దున్నే ఆ శాపనార్థాలేమిటి? నీకు దండం పెడతాను, వెళ్లు. నా ఇల్లు నిలవాలి."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆవిడ అప్పటికే నీళ్లు గుమ్మరించేసింది. తడిసిన చెప్పులు చేత పట్టుకుని పెద్దాయన మెల్లగా వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, బుల్డోజరు గుర్రుమంది.

ఆవిడ చీపురు పారేసి పరిగెత్తింది. బండికి అడ్డంగా నిలబడింది.

"ఆపమన్నారుగా బాబూ! మా ప్రెసిడెంటు పైవాళ్లతో మాట్లాడాడుగా!"

డ్రైవరు పక్కనున్న ఆఫీసరు ఆవిడ మొహం చూడలేకపోయాడు.

"మీ ప్రెసిడెంటెవరో మాకు తెలీదమ్మా. ఆ పెద్దాయన ఒంటి మీద చెయ్యి వెయ్యొద్దు, ఆయనంతట ఆయన లేచేదాకా బండి కదలొద్దు అన్నారు మంత్రిగారు."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. వీధిలో ఎవరూ లేరు.

"ఎవరు బాబూ ఆయన?"

"మీ ఇళ్లు కూల్చొద్దని కొడుకుని బతిమాలి బతిమాలి, వినకపోయేసరికి ఇల్లొదిలి వచ్చి మీ మెట్టు మీద కూర్చున్నాడమ్మా, మంత్రిగారి నాన్న."