ఎర్ర పట్టీ

“గట్టిగా ఏడవ్వే!” అన్నాడు తాళాల మేస్త్రీ, ఏడేళ్ళ కూతురి చెవిలో.

పాప మేడ మీంచి పడింది. కబురందగానే కొట్టు వదిలేసి పరుగెత్తాడు. మూగినవాళ్ళను తోసుకుంటూ వెళ్ళి, పిల్లను భుజాన వేసుకుని తిన్నగా ఎమర్జెన్సీకి తెచ్చాడు.

గుమ్మం దగ్గర నర్సు ఒక్కొక్కరినీ చూసి చేతికి పట్టీ కడుతోంది. ఎర్ర పట్టీ అయితే వెంటనే లోపలికి. పసుపు పట్టీ అయితే కాసేపు ఆగాలి.

“అంత ఎత్తు నుంచి పడితే చెయ్యొక్కటే విరిగిందా?” నర్సు పాప తలా, పొట్టా మళ్ళీ తడిమి చూసింది.

“మా అదృష్టమమ్మా. ముందు లోపలికి పంపండి.”

ఆమె పసుపు పట్టీ కట్టింది.

అప్పుడే ఓ ముసలాయన ఆటో దిగి, గోడ పట్టుకుని ఒక్కడే వచ్చాడు. మూలుగు లేదు, నెత్తుటి చుక్క లేదు. నర్సు నాడి పట్టుకుని, మరుక్షణం ఎర్ర పట్టీ కట్టేసింది.

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది. అతని తత్వమే అంత. పక్క కొట్టుకి ఒక్క బేరం ఎక్కువొచ్చినా ఆ పూట అన్నం సహించదు.

“ఇప్పుడొచ్చినాయనకి ఎర్రదీ, మాకు పసుపూనా? ఏం, మీ చుట్టమా?”

“అరిచేవాళ్ళతో నాకు భయం లేదన్నా. అరవలేనివాళ్ళతోనే,” అంది నర్సు, స్ట్రెచర్ లాగుతూ.

“నాన్నా, ఆ తాత...” పాప వెక్కింది.

“కబుర్లు తర్వాత. ముందు ఏడు!”

ముసలాయన తల తిప్పాడు. “పాపకు ఇంకెక్కడా దెబ్బ లేదు కదా?”

“మా పిల్ల సంగతి నీకెందుకయ్యా?”

“పాపను ముందు చూడండమ్మా,” అన్నాడాయన నర్సుతో. ఆమె వినిపించుకోలేదు. తలుపు మూసుకుంది.

“మాకు దానం చేస్తున్నాడు, మహారాజు!” మేస్త్రీ పళ్ళు నూరాడు. “పెట్టి పుట్టాలి ఇలాంటి రాజభోగానికి!”

అరగంటకి నర్సు బయటికొచ్చింది. ఆమె చేతిలో ముసలాయన కళ్ళజోడుంది.

“ఆయన తాలూకు ఎవరైనా వచ్చారా?” గొంతు తగ్గించి అడిగింది. “ఛాతీకి పెద్ద దెబ్బ. లోలోపలే రక్తం పోయింది. దక్కలేదు.”

ఎవరూ లేవలేదు.

“చెబుదామంటే ఏడవమన్నావు కదా నాన్నా,” పాప కళ్ళజోడు వంకే చూస్తూ అంది. “నేను పడుతుంటే కింద అడ్డొచ్చి పట్టుకుంది ఆ తాతే.”