అంజమ్మ గోడ మీది చుక్కలు

"ఈ గోడ ఇయ్యాలో రేపో పడుద్ది. రాసుకోండి సార్," అన్నారు వెంకట్రామయ్య శెట్టిగారు.

మున్సిపల్ ఇంజినీరు విజయ్ కుమార్ రాసుకోలేదు. గోడ వంక చూశాడు. మాచర్లలో రైల్వే స్టేషన్ వెనక సందులో అంజమ్మ ఇంటి గోడ అది. పైనుంచి కిందిదాకా ఏటవాలుగా ఓ పగులు. అందులో వేలు దూరుతుంది.

"ఆ పగులు నేను కాపరానికొచ్చిన నాటిది," అంది అంజమ్మ, ఇడ్లీ పిండి కలపడం ఆపకుండానే. "అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే. శెట్టిగారికి బిల్డింగు లేచినాకే అది కనపడింది."

నిజమే. సందుకు అవతలి పక్క శెట్టిగారి మూడంతస్తుల మేడ లేచి ఏడాది కాలేదు. అంతకుముందు అక్కడో బావి ఉండేది. సందంతా ఆ నీళ్లే తాగేది. నైరుతిలో బావి ఉంటే యజమానికి గండమని వాస్తు సిద్ధాంతి చెప్పాడు. శెట్టిగారు మట్టీ రాళ్లూ పోయించి పూడ్పించారు. నైరుతి బరువుగా ఉండాలని కూడా సిద్ధాంతే చెప్పాడు కాబట్టి, సరిగ్గా ఆ మూల మీదే నీళ్ల ట్యాంకు ఎక్కించారు. వాస్తు దగ్గర రాజీ పడే మనిషి కాదు. ఇక మిగిలిన లోటల్లా కారు పెట్టుకోవడానికి చోటు. ఎదురుగా అంజమ్మ ఇల్లుందాయె.

గోడ ప్రమాదమని తేలితే ఇల్లు ఖాళీ చేయాలి. ఆ ఇంటి ముందుగదిలో వేసే ఇడ్లీలే అంజమ్మకు బతుకు.

"పగులుండటం వేరు, పెరగటం వేరు," అన్నాడు విజయ్ కుమార్. "పెరుగుతుందో లేదో కొలిపిద్దాం."

"కొలిపించండి! కదిలేది ఎవరిదైనా సరే, వారంలో ఖాళీ చెయ్యాల్సిందే. అట్టా కాయితం రాయండి, సంతకం పెడతా."

కాగితం రాశారు. శెట్టిగారూ అంజమ్మా సంతకాలు పెట్టారు.

మర్నాడు నరసరావుపేటలోని ఓ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి పగులు కొలవడానికి నిఖిత అనే అమ్మాయి వచ్చింది. పగులు చుట్టూ తెల్లరంగు వేసి, దాని మీద నల్లచుక్కలు చిమ్మింది. వందలకొద్దీ.

"దిష్టికి ఒక్క చుక్క చాలుగదే అమ్మాయ్. ఇన్నెందుకు?" అంది అంజమ్మ.

"రోజూ ఒకే చోటి నుంచి ఫొటో తీస్తాను పెద్దమ్మా. ఏ చుక్క ఎంత జరిగిందో కంప్యూటర్ చెప్పేస్తుంది. పగులుకి అటు చుక్కలూ ఇటు చుక్కలూ ఎడమైతే పగులు పెరిగినట్టు. వెంట్రుకలో సగం జరిగినా దొరికిపోతుంది."

అంజమ్మ చుక్కల వంక అనుమానంగా చూసింది. వెంట్రుకలో సగమంటే మరీ అన్యాయం.

కెమెరా స్టాండు నిలవలేదు. ఆటో పోతే ఊగింది, గేదె వస్తే పడింది. దారి శెట్టిగారే చూపించారు.

"మా పిల్లరుకి బిగించమ్మా. భూకంపమొచ్చినా కదలదు."

డ్రిల్లింగ్ మిషన్ తెప్పించి, ట్యాంకు కింది పిల్లరుకి తన చేత్తోనే బోల్టులు బిగించారు. పని జరగాలంటే పంతం ఉండాలి మరి.

పది రోజులు అంజమ్మకు తిన్నది ఒంటికి పట్టలేదు. ఇడ్లీలకొచ్చిన వాళ్లెవరినీ గోడకు ఆననివ్వలేదు. "దూరం దూరం, చుక్కలు కదుల్తయ్!" అని గరిటె ఆడించేది.

పదకొండో రోజు పొద్దున్నే అందరూ చేరారు. నిఖిత లాప్‌టాప్ తెరిచింది. ముఖం అదోలా ఉంది.

"చుక్కలు కదిలాయి సార్. పది రోజుల్లో నాలుగు మిల్లీమీటర్లు."

అంజమ్మ గరిటె జారి కింద పడింది.

"చెప్పలా!" శెట్టిగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. "నోటీసు రాయండి సార్. వారమే గడువు. సంతకాలున్నయ్."

విజయ్ కుమార్ నోటీసు తీశాడు. పేరు రాయాల్సిన చోట పెన్ను ఆపాడు. "పగులెంత పెరిగిందమ్మా?"

"పగులు పెరగలేదు సార్. అటు చుక్కలూ ఇటు చుక్కలూ కలిసే కదిలాయి. అన్నీ పైకి."

"పైకా?" అంజమ్మ కళ్లు తుడుచుకుంది. "గోడేమన్నా గోంగూర మొక్కా ఏంది, పైకి లేవటానికి?"

"పైకో కిందికో! కదిలినయ్యా లేదా, అది చెప్పు," కసిరారు శెట్టిగారు.

"కదిలాయండీ. గోడ పక్కనున్న కరెంటు స్తంభమూ అంతే లేచింది. దాని మొదట్లో రోడ్డు కూడా."

విజయ్ కుమార్‌కు అర్థం కాలేదు. "మరి నోటీసులో ఏం రాయను?"

"శెట్టిగారి పేరు రాయండి సార్," అంది నిఖిత, "గోడ ఉన్నచోటే ఉంది, ఆయన పిల్లరుకి బిగించిన నా కెమెరానే కిందికి దిగింది."