పడవ నంబరు

యారాడ దగ్గర సముద్రం అడుగున మునిగిపోయిన పడవ ఒకటి కనబడింది. అది, చేపల వేటకు వెళ్ళి ఇరవై రోజులైనా తిరిగిరాని కోటి వాళ్ళ బావదేనా అన్నది, నంబరు ఫొటో తీస్తేగాని తేలదు.

కెమెరాకి ఏ ఫోకస్ లైటు బిగించాలా అని డైవర్ నీలిమ ఆలోచిస్తోంది.

“పెద్దదే పెట్టండి మేడమ్. సిన్నదాంతో ఏటి కనబడతాది?” అన్నాడు కోటి.

“నీళ్ళు బురదగా ఉన్నాయి. పెద్ద లైటు వేస్తే మట్టి మెరిసి ఫొటో అంతా తెల్లబడిపోతుంది,” అంటూ ఆమె చిన్నది బిగించి దూకింది.

పైకి వచ్చేసరికి కెమెరాలో నంబరు స్పష్టంగా ఉంది. కోటి చూసి తల తిప్పుకున్నాడు.

“తెల్లబడిపోద్దని నాకూ తెల్సు మేడమ్. అందుకే పెద్దదన్నాను. ఈ నంబరు ఊళ్ళోకెళ్తే ఈయాలే మా అక్కకి బొట్టు తీసేత్తారు.”